దగ్గు బిళ్ళ చేసే పని, చేయలేని పని



ఈ సంచికలో దగ్గుకు, గొంతు నొప్పికి మనం చప్పరించే మెంథాల్ బిళ్ళల గురించి తెలుసుకుందాం. ఇంత చిన్న వస్తువుకు ఒక పాఠం ఎందుకని కొందరు అనుకోవచ్చు. మోకిల, శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి మన ఓపీకి దగ్గుతో వచ్చినవారిని "ఇంతవరకు ఏం వాడారు?" అని అడిగితే చాలామంది చెప్పే మొదటి మాట "గోలీలు చప్పరించిన సిస్టర్" అనే. ఎన్ని రోజుల నుంచి అని అడిగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఒకరు మూడు రోజులంటారు. ఇంకొకరు "దసరా కాడ్నుంచి" అంటారు. మూడు రోజుల దగ్గుకు ఆ బిళ్ళ మంచిదే. దసరా నుంచి చప్పరిస్తూ సంక్రాంతికి ఆసుపత్రికి వచ్చిన మనిషికి ఆ బిళ్ళ వల్ల ఏమి నష్టం జరిగిందో చెప్పడానికే ఈ పాఠం.

ముందుగా మెంథాల్ అంటే ఏమిటో చూద్దాం. మన పెద్దవాళ్లకు ఇది కొత్త వస్తువు కాదు. మూలికల కొట్టులో "పిప్పరమెంటు పువ్వు" అని అడిగితే ఇచ్చే తెల్లని, సూదుల్లాంటి పలుకులే మెంథాల్. దానిని వాము పువ్వుతో, కర్పూరంతో ఒక సీసాలో వేసి మూత పెడితే మూడు గట్టి వస్తువులూ కరిగి నూనెలాగా అవుతాయి. మన ఇళ్లలో అమృతధార అని దాచుకునేది అదే. మా చిన్నతనంలో ఏ తీపి బిళ్ళనైనా పిప్పరమెంటు అనే పిలిచేవాళ్లం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనంలోనూ, విక్స్ డబ్బాలోనూ, దగ్గు బిళ్ళలోనూ చల్లగా తగిలేది ఈ ఒక్క పదార్థమే. జపాన్ పుదీనా అనే మొక్క ఆకులను ఆవిరి పట్టి నూనె తీసి, ఆ నూనెను బాగా చల్లబరిస్తే మెంథాల్ పలుకులు కడుతుంది. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ చుట్టుపక్కల రైతులు ఈ పంటను విస్తారంగా వేస్తారు. ప్రపంచానికి కావలసిన సహజ మెంథాల్‌లో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్తుంది. మన చట్నీలో వేసే పుదీనా వేరే రకం, అందులో మెంథాల్ చాలా తక్కువ. అందుకే పుదీనా చట్నీ తింటే గొంతు చల్లబడదు.

చల్లబడటం అన్నాను గాని, నిజానికి మెంథాల్ దేనినీ చల్లబరచదు. బిళ్ళ చప్పరిస్తున్న మనిషి నాలుక కింద థర్మామీటర్ పెట్టి చూడండి, వేడి ఏమీ తగ్గి ఉండదు. మన నోట్లో, గొంతులో, ముక్కులో నరాల కొసల దగ్గర చలిని కనిపెట్టే చిన్న గ్రాహకాలు ఉంటాయి. చల్లని నీళ్లు తగిలినప్పుడు అవి మెదడుకు కబురు పంపుతాయి. మెంథాల్ తగిలినా అదే కబురు పంపుతాయి. మెదడు "చల్లగా ఉంది" అనుకుంటుంది. మిరపకాయ ఇందుకు తిరగలి. కారం తగిలితే వేడిని కనిపెట్టే గ్రాహకం కదులుతుంది గనుకనే నోరు మండుతుంది, నిప్పు ఏమీ ఉండదు. చలి గ్రాహకాన్ని 2002లో గుర్తించారు. వేడిని, చలిని, స్పర్శను శరీరం ఎలా కనిపెడుతుందో తేల్చినందుకు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మన గుంటూరు మిరప, బారాబంకీ పుదీనా కలిసి సంపాదించిన బహుమతి అని మా నర్సింగ్ పిల్లలకు నవ్వుతూ చెబుతుంటాను.

ఆ చల్లని కబురు మెదడుకు వెళ్తున్నంతసేపు గొంతులోని మంట, గరగర అంతగా తెలియవు. దానికి తోడు బిళ్ళ చప్పరించడం వల్ల లాలాజలం ఎక్కువగా ఊరుతుంది. ఎండిపోయి చిట్లినట్లున్న గొంతు తడుస్తుంది. మింగుతూ ఉండటం వల్ల దగ్గు కాసేపు ఆగుతుంది. చక్కెర పాకం గొంతు మీద పలుచగా పరుచుకుంటుంది. నిజం చెప్పాలంటే ఈ ఉపశమనంలో సగం పని చప్పరించడానిదే. మన అమ్మమ్మలు కరక్కాయ ముక్కనో, రెండు మిరియాలతో పటికబెల్లమో బుగ్గన పెట్టుకోమని చెప్పింది ఇందుకే.

అయితే ఆ బిళ్ళ ఏ క్రిమినీ చంపదు. కొన్ని బిళ్ళల్లో, ఉదాహరణకు స్ట్రెప్సిల్స్‌లో, క్రిములను తగ్గించే మందులు కొద్ది మిల్లీగ్రాముల పాళ్లలో ఉంటాయి. అవి కూడా గొంతు పైపొర మీదనే పని చేస్తాయి, టాన్సిల్ లోపలికి గాని ఊపిరితిత్తులకు గాని చేరవు. ముక్కు దిబ్బడ సంగతీ అంతే. మెంథాల్ పీల్చినవారి ముక్కులో గాలి ఎంత పోతుందో పరికరంతో కొలిచి చూశారు. ముక్కు తెరుచుకుందని వారు చెప్పారు గాని గాలి ముందున్నంతే పోతోంది. వాపు తగ్గలేదు, తగ్గినట్లు తోచిందంతే.

ఈ గుణం బాగా తెలిసినవాళ్లు పొగాకు వ్యాపారులు. సిగరెట్లలో మెంథాల్ కలిపితే పొగ గొంతును గీరుతున్న సంగతి తాగేవాడికి తెలియదు, ఇంకాస్త లోపలికి పీలుస్తాడు. అందుకే యూరప్ దేశాల్లో 2020లో మెంథాల్ సిగరెట్లను నిషేధించారు. గుట్కాలో కూడా మెంథాల్ కలుపుతారు. హాని చేసే వస్తువులో కలిపినా, మేలు చేసే బిళ్ళలో కలిపినా మెంథాల్ చేసే పని ఒక్కటే, బాధను కప్పడం.

బాధను కప్పడం తప్పు కాదు. జలుబుతో వచ్చిన దగ్గుకు, గొంతు నొప్పికి చాలావరకు వైరస్‌లే కారణం. వాటికి యాంటీబయాటిక్ అవసరం లేదు. గొంతు నొప్పి వారం లోపు తగ్గుతుంది, దగ్గు మరికొన్ని రోజులు నిలిచి పోతుంది. ఆ నాలుగు రోజులు మనిషి పనికి పోవాలి, రాత్రి నిద్రపోవాలి. అప్పుడు బిళ్ళ వాడుకోవచ్చు. ప్యాకెట్ మీద రాసిన లెక్క ప్రకారం, రెండు మూడు గంటలకు ఒకటి చొప్పున, నమలకుండా మెల్లగా కరగనివ్వాలి. రోజుకు ఆరు దాటుతున్నాయంటే ఒకసారి మీ గొంతు ఎవరికైనా చూపించుకోండి అని నేను చెబుతుంటాను. ఎక్కువగా చప్పరిస్తే దగ్గు త్వరగా పోతుందనే నమ్మకం సరికాదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో వారాల తరబడి దగ్గుతున్న పెద్దవారిని గమనించి 2018లో ప్రచురించిన ఒక పరిశీలనలో, మెంథాల్ బిళ్ళలు ఎక్కువ వాడుతున్నవారికే దగ్గు ఎక్కువగా ఉన్నట్లు కనిపించింది. దగ్గు ఎక్కువగా ఉండి ఎక్కువ బిళ్ళలు తిన్నారా, తిన్నందువల్ల దగ్గు ఎక్కువైందా అనేది ఆ పరిశీలనతో తేలదు. బిళ్ళలతో దగ్గు పోలేదన్నది మాత్రం స్పష్టం.

డిసెంబరులో కారల్స్‌కు వెళ్లే మన యువతకు, క్వయర్‌లో పాడేవారికి ఒక మాట. మంచులో రాత్రి పదకొండింటి దాకా పాడి, గొంతు బొంగురుపోతే బిళ్ళ వేసుకుని మళ్లీ పాడుతుంటారు. మనం మింగినది అన్నవాహికలోకి పోతుంది గాని స్వరతంత్రుల మీదకు పోదు. బిళ్ళ గొంతు వెనుక భాగాన్ని మాత్రమే ఊరడిస్తుంది. అలసిపోయిన స్వరానికి కావలసింది నీళ్లు, మౌనం. గుసగుసగా మాట్లాడటం కూడా విశ్రాంతి కాదు, దానివల్ల స్వరం ఇంకా శ్రమపడుతుంది. ప్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పట్టుకుపోండి. ఒక ఇంటికీ మరో ఇంటికీ మధ్య కాసేపు మాట్లాడకుండా నడవండి.

ఇక పిల్లల విషయం. ఐదారేళ్ల లోపు పిల్లలకు గట్టి బిళ్ళ ఇవ్వవద్దు. పిల్లవాడు ఏడుస్తూ, నవ్వుతూ, పరుగెత్తుతూ ఉండగా ఆ గుండ్రని బిళ్ళ జారి శ్వాసనాళానికి అడ్డుపడితే నిమిషాలలో ప్రాణం పోతుంది. అలా జరిగినప్పుడు పిల్లవాడు గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక, ముఖం నీలంగా మారుతుంటే వెంటనే ముందుకు వంచి, రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా కొట్టండి. రాకపోతే వెనుక నిలబడి, బొడ్డుకు కొంచెం పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. వస్తువు బయటికి వచ్చేవరకు ఈ రెండూ మార్చి మార్చి చేయండి, ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు. బిడ్డను ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఐదుసార్లు కొట్టి, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కాలి. గొంతులో గుడ్డిగా వేలు పెట్టవద్దు, వస్తువు ఇంకా లోపలికి పోతుంది. నీళ్లు తాగించవద్దు. పక్షవాతం వచ్చి మింగడం కష్టంగా ఉన్న పెద్దవారికీ బిళ్ళ ఇవ్వకండి. ఎవరైనా సరే నోట్లో బిళ్ళతో పడుకోవద్దు.

పసిబిడ్డకు జలుబు చేస్తే అమృతాంజనం, విక్స్ ముక్కు కింద రాసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. రెండేళ్ల లోపు బిడ్డకు ఇవి రాయవద్దు. ఆ ఘాటుకు పసిగొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. కర్పూరం మింగితే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. అమృతధార సీసాను వంటింట్లో అందుబాటులో పెట్టుకునే అత్తమ్మలు దయచేసి దానిని పై అరలో పెట్టండి.

దగ్గు సిరప్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ తాగి, కిడ్నీలు పాడై పలువురు పిల్లలు చనిపోయారు. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఇవ్వవద్దని, ఐదేళ్ల లోపు వారికి కూడా సాధారణంగా అవసరం లేదని అన్ని రాష్ట్రాలకు తెలిపింది. మరి పిల్లలకు ఏమివ్వాలి? ఏడాది నిండిన బిడ్డకు పడుకునే ముందు ఒక చెంచా తేనె ఇవ్వండి. ఏడాది లోపు బిడ్డకు తేనె నాలుకకు కూడా రాయవద్దు, అందులో ఉండే ఒక రకం క్రిమి బీజాలు పసిపేగులో విషాన్ని తయారుచేస్తాయి. చనుబాలు ఎక్కువసార్లు పట్టించండి. ముక్కు మూసుకుపోతే ఉప్పు నీటి చుక్కలు చాలు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా రాత్రయినా ఆసుపత్రికి తీసుకురండి.

షుగర్ ఉన్నవారు బిళ్ళను తినుబండారం కింద లెక్క వేసుకోవాలి. ఒక్కో బిళ్ళ సుమారు రెండున్నర గ్రాములుంటే అందులో ఎక్కువ భాగం చక్కెరే. రోజుకు పది చప్పరిస్తే నాలుగైదు చెంచాల చక్కెర తిన్నట్టు. "చాయ్‌లో చక్కెర మానేసిన సిస్టర్, అయినా షుగర్ దిగుతలేదు" అన్న ఒక పెద్దాయన జేబులో రెండు స్ట్రిప్పులు చూశాను. చక్కెర లేని రకం దొరుకుతుంది, అవి ఎక్కువైతే విరేచనాలవుతాయి. ప్యాకెట్ వెనుక చదవడం అలవాటు చేసుకోండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటే దానిని తినే మిఠాయిగా అమ్ముతున్నారని అర్థం.

పెద్దవారికి ఇంట్లో చేసుకునేవి చాలా ఉన్నాయి. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించండి. ఇంత చౌకైన గొంతు మందు ఇంకొకటి లేదు. అల్లం, తులసి, మిరియాల కషాయం వేడిగా తాగితే కఫం పలచబడుతుంది. అతిమధురం వేరు చప్పరిస్తే గొంతుకు హాయిగా ఉంటుంది గాని రోజుల తరబడి వాడితే బీపీ పెరుగుతుంది, బీపీ ఉన్నవారు దాని జోలికి పోవద్దు. ఆవిరి పట్టేటప్పుడు గిన్నె కింద పెట్టి పిల్లలను దగ్గర కూర్చోబెట్టకండి. మరిగే నీళ్లు మీద పడి కాలిన పిల్లలను వార్డులో చూస్తే జలుబే నయమనిపిస్తుంది.

ఇప్పుడు బిళ్ళ కింద దాగిపోయే జబ్బుల దగ్గరకు వద్దాం.

బడికి పోయే పిల్లల గొంతు నొప్పిని ముందు చెబుతాను. ముక్కు కారుతూ, దగ్గుతో కలిసి వచ్చే గొంతు నొప్పి ఎక్కువగా వైరస్‌దే. దగ్గు లేదు, జలుబు లేదు, గొంతు మాత్రం విపరీతంగా నొప్పి, జ్వరం, మెడ ముందు వైపు గడ్డలు నొప్పిగా ఉబ్బాయి, టాన్సిల్స్ మీద తెల్లని చీము మచ్చలు ఉన్నాయి అంటే అది స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా కావచ్చు. ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలలో ఇది ఎక్కువ. బిళ్ళ చప్పరించినా, చప్పరించకపోయినా ఆ నొప్పి నాలుగైదు రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. తల్లి నయమైందనుకుంటుంది. రెండు మూడు వారాల తర్వాత కొందరు పిల్లలకు మోకాలు వాస్తుంది, అది తగ్గేలోపు చీలమండ, తర్వాత మోచెయ్యి. దానిని రుమాటిక్ జ్వరం అంటారు. కీళ్ల వాపు మచ్చ లేకుండా పోతుంది గాని గుండె కవాటం మీద మచ్చ ఉండిపోతుంది. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత ఆ అమ్మాయి గర్భవతి అయినప్పుడు ఆయాసంతో వస్తుంది, అప్పుడు కవాటం మూసుకుపోయిందని తెలుస్తుంది. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు పెన్సిలిన్ జాతి మందు మొదలుపెట్టి పది రోజులు పూర్తిగా వాడితే ఇదంతా తప్పుతుంది. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు ఇరవై ఒక్క రోజులకొకసారి పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి వేయాలి. మా ఇంజెక్షన్ గదికి తేదీ తప్పకుండా వచ్చే పిల్లలు కొందరున్నారు. సూది నొప్పికి ఏడుస్తారు, ఆ తర్వాత ఒక పిప్పరమెంటు ఇస్తాం, అది వారికి న్యాయమైన బహుమతే.

మిగతావి త్వరగా చెబుతాను. ఎనలాప్రిల్, రామిప్రిల్ అనే బీపీ మాత్రలు వేసుకునే కొందరికి గొంతులో గిలిగింతలాగా పొడి దగ్గు వస్తుంది. నెలల తరబడి బిళ్ళలు చప్పరిస్తుంటారు. మీ బీపీ మాత్ర స్ట్రిప్పు తెచ్చి చూపిస్తే డాక్టరుగారు వేరే మాత్రకు మారుస్తారు, మీరే మానేయవద్దు. పడుకోగానే దగ్గు, ఛాతీ మంట, పుల్లని తేన్పులు ఉంటే అది కడుపులోని ఆమ్లం పైకి రావడం. దీనికి మెంథాల్ మేలు చేయకపోగా అన్నవాహిక కింది బిగువును వదులు చేసి ఆమ్లాన్ని ఇంకా పైకి రానిస్తుంది. తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు ఉంటే దమ్ము అయి ఉండవచ్చు. పూలతోటల్లో, కూరగాయల పొలాల్లో మందు కొట్టిన రోజున, కట్టెల పొయ్యి దగ్గర ఎక్కువైతే మరీ అనుమానించాలి. మెంథాల్ వల్ల ఊపిరి తేలికైనట్లు తోస్తుంది, మూసుకుపోయిన గొట్టాలు మాత్రం తెరుచుకోవు. పొగాకు, గుట్కా అలవాటున్న మనిషికి మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉన్నా, మింగేటప్పుడు ఒక వైపే నొప్పి ఉన్నా గొంతు డాక్టరుకు చూపించాలి.

అన్నిటికంటే ఎక్కువగా బిళ్ళ కింద దాగేది క్షయ, అంటే టీబీ.

ఒక మనిషి సంగతి చెబుతాను. పేరు, ఊరు అవసరం లేదు. 2023లో హెచ్‌ఎండీఏ మోకిలలో ప్లాట్లు వేలం వేసిన రోజుల నుంచి ఈ చుట్టుపక్కల ఎటు చూసినా విల్లాలు, అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, పాలమూరు నుంచి, బీహార్, ఒడిశాల నుంచి కూలీలు వచ్చి రేకుల గదుల్లో ఉంటున్నారు. ఇతను టైల్స్ కోసే పని చేసేవాడు. రోజంతా రాతి దుమ్ములో ఉండేవాడు గనుక దగ్గు వస్తే దుమ్ము వల్లే అనుకున్నాడు. సైట్ ముందున్న డబ్బా కొట్టులో రోజూ దగ్గు బిళ్ళలు కొనేవాడు. పగలు పనిలో బిళ్ళ నోట్లో ఉంటే దగ్గు అదుపులో ఉండేది, మేస్త్రికి తెలిసేది కాదు. రాత్రి దగ్గు భార్యకు తెలిసేది. "దవాఖానకు పోదాం పా" అని ఆమె అన్నప్పుడల్లా "గోలీతో తగ్గుతుంది గదనే" అనేవాడు. మూడు నెలలు అలా గడిచాయి. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, చొక్కా వదులైపోవడం అన్నీ వచ్చాయి. తెమడలో రక్తం కనిపించిన రోజున వచ్చాడు. తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. ఆ రేకుల గదిలో అతనితో పాటు భార్య, ఇద్దరు పిల్లలు. పిల్లలను పరీక్షిస్తే చిన్నదానికి కూడా టీబీ ఉంది. తండ్రి ఆరు నెలల మందులతో బాగుపడి మళ్లీ పనికి పోయాడు, పిల్ల కూడా కోలుకుంది. రెండు వారాలకే వచ్చి ఉంటే ఆ పిల్లకు అంటేదా అని ఆ తల్లి నన్ను అడిగింది. అంటకుండా ఉండే అవకాశం చాలా ఎక్కువగా ఉండేది అని చెప్పాను.

రాతి దుమ్ము పీల్చేవారికి ఊపిరితిత్తులు దెబ్బతిని టీబీ వచ్చే ప్రమాదం మామూలు వారికంటే ఎక్కువ. కాబట్టి "నాది దుమ్ము దగ్గు" అనేవారే ముందు పరీక్ష చేయించుకోవాలి. షుగర్ ఉన్నవారూ అంతే.

ఈ ప్రాంతపు పాతవాళ్లకు టీబీ అంటే అనంతగిరి గుర్తుకొస్తుంది. వికారాబాద్ దగ్గర కొండల మీద నిజాం కాలంలో శానిటోరియం పెట్టారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్ సంఘాలన్నీ కలిసి 1915లోనే టీబీ శానిటోరియం నడిపాయి, డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి సూపరింటెండెంట్. అప్పట్లో మందులు లేవు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఇవే వైద్యం. ఇంటిని విడిచి నెలలు, ఏళ్లు కొండ మీద ఉండాలి. ఆ భయం ఇంకా మన మాటల్లో మిగిలింది. టీబీ పరీక్ష అనగానే "నన్ను ఇంట్ల నుంచి పంపిస్తరా?" అని అడిగేవారున్నారు. ఎవరూ పంపరు. ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని మద్రాసులో చేసిన పరిశోధన 1959లోనే చూపించింది. ఇప్పుడు మామూలు టీబీకి ఆరు నెలల మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పోషకాహారం కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తూ వచ్చారు, 2024 నవంబరు నుంచి అది 1000 రూపాయలైంది. మందులు సరిగ్గా వేసుకుంటే కొన్ని వారాలకే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడి మందు మానకండి, అది రిఫాంపిసిన్ రంగు.

అందుచేత దగ్గు మొదలైన రోజును క్యాలెండర్ మీద రాసుకోండి. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఆ పని వారికి అప్పగించండి, వారు మరిచిపోరు. రెండు వారాలు నిండితే, తగ్గుతున్నట్లు తోచినా సరే, తెమడ పరీక్ష చేయించండి. బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, తెమడలో రక్తం వీటిలో ఏది కనిపించినా రెండు వారాలు కూడా ఆగవద్దు.

పరీక్షకు రెండు నమూనాలు అడుగుతారు, ఒకటి వచ్చిన రోజున అక్కడికక్కడే, రెండోది మరునాడు తెల్లవారి ఇంటి దగ్గర. చాలామంది ఉమ్మి తెస్తారు. ఉమ్మిలో ఏమీ కనబడదు, మళ్లీ రావలసి వస్తుంది. ఉదయం లేవగానే ఏమీ తినకముందు, నోట్లో బిళ్ళ ఉంటే తీసేసి, మంచినీళ్లతో పుక్కిలించండి. ఆరుబయటకు, ఇతరులకు దూరంగా వెళ్లండి. రెండు మూడుసార్లు గట్టిగా గాలి పీల్చి, ఛాతీ లోతు నుంచి దగ్గి, వచ్చిన చిక్కటి తెమడను మేమిచ్చిన డబ్బాలో వేయండి. అర చెంచా ఉంటే సరిపోతుంది. మూత గట్టిగా బిగించి, సబ్బుతో చేతులు కడుక్కుని, అదే ఉదయం ల్యాబ్‌కు తెచ్చి ఇవ్వండి. డబ్బా మీద పేరు, వయసు, ఫోన్ నంబరు మా సిస్టర్ రాసిపెడుతుంది.